బరువు స్ప్రింగ్ మోస్తుంది

ముందుగా ఒక చిన్న లెక్క. పది మీటర్ల దూరంలో ఒక కాగితం, దాని మీద ఒక నల్లటి గుండ్రం. ఆ గుండ్రం నట్టనడుమ ఒక తెల్ల చుక్క. దాని వ్యాసం 0.5 మిల్లీమీటర్లు. ఇంజినీరింగ్ డ్రాయింగ్ క్లాసులో మనం మెకానికల్ పెన్సిల్‌లో వేసుకున్న లెడ్డు గుర్తుందా? సరిగ్గా అంత. టెన్ మీటర్ ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్లు ఆ చుక్కకే. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి దాని అంచు తగిలినా పదే. అయినా సరే, తుపాకీ డిగ్రీలో డెబ్బయ్యో వంతు పక్కకి జరిగిందా, పది పోయినట్టే. ఇలా 60 సార్లు కొట్టాలి, గంటా పదిహేను నిమిషాల్లో. చేతిలో ఉన్న రైఫిల్ బరువు అయిదున్నర కిలోల దాకా ఉండొచ్చు.

కాళ్ళ మీద నిలబడి కొట్టేవాళ్ళకి ఒక సాయం ఉంది. వాళ్ళ ఒళ్ళే ఒక స్టాండు. పాదాలు నేలని పట్టుకుంటాయి, ముందు చేతి మోచేయి తుంటి ఎముక మీద ఆనుతుంది, బరువంతా ఎముకల మీదుగా కిందికి దిగిపోతుంది. నడుము కింద స్పర్శ లేని మనిషికి ఆ స్టాండు లేదు. భుజాలు, చేతులు, ఊపిరి, అంతే.

అవని లేఖరా ఆ మాత్రంతోనే 2021 ఆగస్టు 30న టోక్యో పారాలింపిక్స్‌లో బంగారు పతకం కొట్టింది. పారాలింపిక్స్‌లో బంగారం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఫైనల్లో 24 షాట్లకి 249.6. అంటే షాటుకి సగటున 10.4 (గరిష్ఠం 10.9). 2024లో పారిస్‌లో మళ్ళీ బంగారమే, 249.7తో. జైపూర్ అమ్మాయి. 2012లో, చిన్నపిల్లగా ఉన్నప్పుడు, కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. అభినవ్ బింద్రా ఆత్మకథ చదివి షూటింగ్ మీద మనసు పడిందట. టోక్యోలో గెలిచినప్పుడు ఆమె వయసు 19. నా వయసు కూడా ఇప్పుడు 19. పోలిక ఇక్కడితో ఆపేద్దాం.

ఆమె గెలిచిన పోటీ పేరు విని నాకు నవ్వొచ్చింది. రూల్‌బుక్‌లో దాని పేరు 'స్టాండింగ్'. వీల్‌చైర్‌లో కూర్చునే స్టాండింగ్! తర్వాత చదివితే అర్థమయింది. మోచేతులు దేనికీ ఆనకుండా కొడితే స్టాండింగ్. రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి కొడితే 'ప్రోన్', అంటే మామూలు షూటర్లు నేల మీద బోర్లా పడుకుని కొట్టేదానికి సమానం. పాత పేర్లు అలాగే ఉంచి లోపల అర్థం మార్చారు. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ అదే, ఇంప్లిమెంటేషన్ వేరు.

ఈ రూల్‌బుక్ నాకు భలే నచ్చింది. (అవును, మిడ్స్ ముందు రోజు రాత్రి నేను చదివిన పుస్తకం ఇదే.) ఎవరికి ఎంత సాయం ఇవ్వాలి అన్న ప్రశ్న మీదే అదంతా నిలబడి ఉంది. తుపాకీ బరువు తానే మోయగలిగితే ఎస్‌హెచ్1. అందులో కూడా నడుము ఎంత పట్టు నిలుస్తుందో చూసి కుర్చీ వీపు ఎంత ఎత్తుండాలో నిర్ణయిస్తారు: కొందరికి వీపే ఉండదు, కొందరికి పొట్టిది, కొందరికి పొడుగుది. చేతుల్లో కూడా బలం లేకపోతే ఎస్‌హెచ్2. వీళ్ళకి ఒక స్టాండు ఇస్తారు, దాని పైన ఒక స్ప్రింగ్, స్ప్రింగ్ మీద రైఫిల్. పెల్లెట్ తానే పెట్టుకోలేకపోతే పక్కన ఒక మనిషి ఉండి లోడ్ చేయొచ్చు.

స్ప్రింగే ఎందుకు? గట్టి ఇనుప కడ్డీ పెడితే పోలా? పోదు. కడ్డీ పెడితే తుపాకీ కదలదు, ఒకసారి గురి కుదిరితే కళ్ళు మూసుకుని 60 కొట్టొచ్చు. అందుకని స్ప్రింగ్ ఎంత మెత్తగా ఉండాలో కూడా రూల్ పెట్టారు. అది బరువు మాత్రం మోస్తుంది, వణుకు అలాగే వదిలేస్తుంది. ఊపిరి తీసినా, వదిలినా తుపాకీ మొన కదులుతుంది, గుండె కొట్టుకుంటే అదురుతుంది. ఆ అదురుని అణచాల్సింది మనిషే.

ఇదంతా నేను ఎందుకు చదివానంటే, మా అన్న కోసం.

అన్న మా పెద్దమ్మ కొడుకు. మాది నల్గొండ వైపు ఊరు. మా పెద్దనాయన కల్లుగీత కార్మికుడు, అన్న కూడా ఇంటర్ అయ్యాక మోకు కట్టుకున్నాడు. నా చిన్నప్పుడు వేసవి సెలవలకి వెళ్తే అన్న దగ్గర ఎప్పుడూ జేబులో గులేరు ఉండేది (కోస్తా ఫ్రెండ్స్ కోసం: ఉండేలు). చింతచెట్టు చిటారుకొమ్మన ఏ కాయ చూపిస్తే ఆ కాయ రాలేది. పిట్టల్ని మాత్రం కొట్టేవాడు కాదు. "అది నిన్నేమన్నదిరా" అనేవాడు.

మూడేళ్ళ కింద, ఒక పొద్దున తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. తాళ్ళ మీది నుంచి పడి ఇలా అయినవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో అన్న ఒక్కడే కాదు. భుజాలు లేస్తాయి. మోచేయి ముడుచుకుంటుంది. మణికట్టు పైకి లేస్తుంది. వేళ్ళు మాత్రం మూసుకోవు. ఎస్‌హెచ్1, ఎస్‌హెచ్2 గురించి చదువుతున్నప్పుడు నాకు కనిపించింది అవి కాదు, టీ గ్లాసుని రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని ఎత్తే అన్న చేతులు.

మా ఇంట్లో అందరూ మంచివాళ్ళే, అదే సమస్య. అన్న టీ గ్లాసు వైపు చూస్తే చాలు, పెద్దమ్మ అందుకుని నోటికి పెడుతుంది. ఫోన్ మోగితే చెల్లె ఎత్తి చెవి దగ్గర పట్టుకుంటుంది. ఫ్యాను, టీవీ, దుప్పటి, అన్నీ ఎవరో ఒకరు చేసేస్తారు. మొదలు నుంచి చివరి దాకా తను ఒక్కడే చేసిన పని ఈ మూడేళ్ళలో ఏదైనా ఉందా అంటే, నాకు గుర్తు రావట్లేదు.

పోయిన ఏడాది జాతరలో బుడగలు పేల్చే దుకాణం చూసి అన్న ఆగమన్నాడు. మీకు తెలుసుగా, గోనెపట్టా మీద రంగురంగుల బుడగలు, బల్ల మీద ఒక పాత ఎయిర్ గన్. బల్ల ఎత్తు అన్న గడ్డం దగ్గరికి వచ్చింది. దుకాణం ఆయన పాపం మంచివాడు, బల్ల పక్కకి లాగాడు. తుపాకీ నేను పట్టుకున్నాను. అన్న నా భుజం మీద తల ఆనించి గురి చూస్తూ, "ఎడమకు, ఇంక జర, కిందికి, ఆఁ కొట్టు" అన్నాడు. కొట్టాను. ఎర్ర బుడగ పేలింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. అన్న మాత్రం, "మంచిగ కొట్టినవ్ తమ్మీ" అన్నాడు. కొట్టినం అనలేదు, కొట్టినవ్ అన్నాడు.

ఆ మాట నాతో పాటు హాస్టల్‌కి వచ్చేసింది.

వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు కాల్చడానికి ప్రపంచంలో ఏమేం సామాన్లున్నాయో వెతకడం అప్పుడు మొదలుపెట్టాను. వెతికితే ఎక్కువగా అమెరికావే వస్తాయి, అందులో ఎక్కువ వేటవి. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సు తీసుకుని జింకల్ని వేటాడటం మామూలు విషయం. నాన్నతో కలిసి అడవికి వెళ్ళడం చాలా కుటుంబాల్లో పండగ లాంటిది, అందుకని ప్రమాదం తర్వాత కూడా వెళ్ళాలనుకుంటారు. చక్రాల బదులు ట్యాంకులకి ఉన్నట్టు పట్టీలున్న కరెంటు కుర్చీలు ఉన్నాయి, బురదలో, మంచులో కూడా వెళ్తాయి. కుర్చీకి బిగించే తుపాకీ ఆనుడులు ఉన్నాయి. వేళ్ళు పనిచేయనివాళ్ళకి జాయ్‌స్టిక్‌తో తుపాకీని తిప్పే మోటారు స్టాండ్లు, స్కోపులో కనిపించేది స్క్రీన్ మీద చూపించే కెమెరాలు. చేతులు అసలే కదలనివాళ్ళకి సిప్ అండ్ పఫ్: నోట్లో ఒక సన్నటి గొట్టం, పీల్చినా ఊదినా గాలి ఒత్తిడి మారుతుంది, అదే ట్రిగ్గర్. ఇది తుపాకుల కోసమే పుట్టింది కాదు, ఇదే పద్ధతితో కరెంటు వీల్‌చైర్లు నడుపుతారు, కంప్యూటర్ మౌస్ కూడా వాడతారు.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట ఆట కాదు, నేరం. నాకు అందులో ఏ ఫిర్యాదూ లేదు. పిట్టని కూడా కొట్టని అన్నకీ ఉండదు. కానీ ఆ సామాన్లు తయారు చేసినవాళ్ళు అడుక్కున్న ప్రశ్న మాత్రం మాక్కూడా పనికొచ్చేదే: ఈ మనిషికి ఏది చేతకాదు, ఏది చేతనవుతుంది, చేతకానిది మాత్రమే మనం ఎలా మోయాలి?

నాకు చేతనయింది కోడ్ రాయడం. అసలు తుపాకీ ఇంట్లోకి తెస్తే పెద్దమ్మ నన్ను ఊళ్ళోకి రానివ్వదు. అందుకని పీవీసీ పైపుతో రైఫిల్ ఆకారం చేశాం, బరువు కోసం లోపల ఇసుక పోశాం, కింద ఒక చిన్న లేజర్ పాయింటర్ టేపుతో కట్టాం. గోడకి టార్గెట్ ప్రింటవుట్. పక్కన స్టూలు మీద లాప్‌టాప్, వెబ్‌క్యామ్. పైథాన్‌లో ఓపెన్‌సీవీ పెట్టి ఎర్రచుక్క ఎక్కడుందో ప్రతి ఫ్రేములో పట్టుకుంటే, గురి ఎలా తిరుగుతోందో గీతలా కనిపిస్తుంది. పెద్ద షూటర్లు ప్రాక్టీసుకి వాడే ఎలక్ట్రానిక్ ట్రైనర్ల పని కూడా స్థూలంగా ఇదే, కాకపోతే వాటి ధర చూసి నేను ట్యాబ్ మూసేశాను. స్టాండు పాత టేబుల్ ల్యాంపుది, ఆ మడిచే చేతికి ఉండే స్ప్రింగులతో సహా.

ట్రిగ్గర్ కోసం మొదట సిప్ అండ్ పఫ్ చేశాం. ఆర్డుయినో, ఒక ప్రెషర్ సెన్సర్, సెలైన్ గొట్టం ముక్క. పనిచేసింది. కానీ అన్న రెండు రోజుల్లో ఒక సంగతి పట్టాడు, అది నాకు ఏ పేజీలోనూ దొరకలేదు. షూటర్లు ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఊపిరి బిగబడతారు. ఇక్కడ ఊపిరే ట్రిగ్గర్. ఊదిన ప్రతిసారీ ఛాతీ కదులుతుంది, స్క్రీన్ మీద గీత టపీమని పైకి లేస్తుంది. "ఊపిరి వట్టుకునుడు, ఊపిరి ఇడుసుడు, రెండూ ఒక్కసారి ఎట్లయితదిరా?" అన్నాడు. మరి ఏం కదుపుతావన్నా అంటే, కుడి మణికట్టు పైకెత్తి చూపించాడు. చెయ్యి వెనక ఒక మెత్తటి స్విచ్ పెట్టాం. మణికట్టు రవ్వంత లేస్తే క్లిక్. ఆ రోజు నుంచి అదే ట్రిగ్గర్.

ఇక అసలు గొడవ నా రూమ్మేట్‌తో వచ్చింది. వాడు మా బ్యాచ్‌లో అందరికంటే బాగా కోడ్ రాస్తాడు. వీడియో చూసి, "చుక్క ఇంత వణుకుతోంది కదా, ఒక కాల్‌మన్ ఫిల్టర్ వేస్తే నున్నగా అయిపోతుంది. ఇంకా కావాలంటే చుక్క పదిలోకి వచ్చిన ఫ్రేములోనే క్లిక్ తీసుకునేలా రాద్దాం. మీ అన్న సంతోషిస్తాడు కదరా" అన్నాడు. సాయంత్రానికల్లా రాసేశాడు కూడా. ఇరవై షాట్లలో పద్దెనిమిది పదులు.

నాకు వెంటనే టెక్సస్ కథ గుర్తొచ్చింది. అక్కడ ఒకాయన ఒక వెబ్‌సైట్ పెట్టాడు. తన పొలంలో ఒక నిజం రైఫిల్ని మోటారు స్టాండుకి బిగించి, కెమెరా పెట్టి, ఇంటర్నెట్‌కి కలిపాడు. ఎక్కడో ఇంట్లో కూర్చున్న మనిషి మౌస్ క్లిక్ చేస్తే అక్కడ తుపాకీ పేలుతుంది, జంతువు పడుతుంది. మంచం దిగలేని వికలాంగులకి వేట అవకాశం ఇస్తున్నా అన్నాడు. జంతు సంరక్షణ సంఘాలు ఒప్పుకోకపోవడం మామూలే. వింతేమిటంటే, వేటగాళ్ళ సంఘాలు కూడా ఒప్పుకోలేదు. ఇది వేట కాదన్నారు. ఎప్పుడూ కొట్టుకునే ఇద్దరూ ఆ ఒక్క విషయంలో ఒకే వైపు నిలబడ్డారు. టెక్సస్‌తో పాటు చాలా రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి.

నేను ఈ కథ చెప్తే రూమ్మేట్ ఒక మంచి ప్రశ్న వేశాడు. "సిప్ అండ్ పఫ్ ఓకే, జాయ్‌స్టిక్ ఓకే, ఇంటర్నెట్ మాత్రం నాట్ ఓకేనా? గీత ఎక్కడ గీస్తావ్? నీకు కాళ్ళూ చేతులూ బాగున్నాయి కాబట్టి నీతులు చెప్తున్నావ్. లేనివాడికి ఎంత సాయం కావాలో నువ్వెవడివి చెప్పడానికి?"

వాడన్నది నిజమే. అది చెప్పాల్సింది నేనూ కాదు, వాడూ కాదు. అందుకని ఆ వారం ఇద్దరం ఊరికి వెళ్ళాం. రెండు వెర్షన్లూ అన్న ముందు పెట్టాం. ఏది ఏమిటో చెప్పకుండా కాదు, అన్నీ వివరంగా చెప్పే.

అన్న ముందు రూమ్మేట్ వెర్షన్ ఆడాడు. పది, పది, పది. పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసింది, మొహం వెలిగిపోయింది. ఆరో షాటుకి అన్న కావాలని తుపాకీని తలుపు వైపు తిప్పి, మెల్లగా టార్గెట్ మీదుగా ఇవతలికి లాగుతూ స్విచ్ నొక్కాడు. పది!

"గిదంత నువ్వే జేస్తే, నేనెందుకురా తమ్మీ?" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. రూమ్మేట్ కూడా నవ్వేశాడు. తర్వాత అన్న ఇంకో మాట అన్నాడు: "వణుకు తియ్యకు. బరువు తియ్యి సాలు."

రూల్‌బుక్ ఒక్క పేజీ కూడా చదవని మనిషి, స్ప్రింగ్ మీద రాసిన రూలు మొత్తం ఒక్క ముక్కలో చెప్పేశాడు. కాకపోతే రూల్‌బుక్‌కి ఆ గీత పోటీ న్యాయంగా జరగడం కోసం కావాలి. అన్నకి పోటీ లేదు, ఎదురుగా ఎవరూ లేరు. అయినా అదే చోట గీత గీశాడు. ఎందుకంటే తప్పే అవకాశం కూడా తనదే కావాలి. మూడు కొడితే మూడు నాది అనిపించుకోవాలి. మేం ఇంట్లో టీ గ్లాసు అందుకున్న ప్రతిసారీ, ఆ మూడుని కూడా తీసేసుకుంటున్నాం కాబోలు.

రూమ్మేట్ ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుని, తన ఫిల్టర్‌ని స్కోరు లెక్కలోంచి తీసేసి, వేరే పనికి పెట్టాడు. షాటుకి ముందు రెండు సెకన్ల గీతని చూసి, వణుకు ఏ వైపు ఎక్కువగా ఉందో చెప్తుంది. మొదట్లో అన్న గీత ఎప్పుడూ ఎడమకి వాలేది. కుర్చీ వీపు ఎత్తు తక్కువై నడుము జారుతోందని దాన్ని చూసే తెలిసింది. వీపు వెనక ఒక చెక్క ముక్క పెంచాక గీత నిటారుగా నిలబడింది. కోడ్ అదే, చేసే సాయం మారింది.

ఇప్పటి స్కోరు: పోయిన ఆదివారం 20 షాట్లలో 11 నల్ల గుండ్రంలో పడ్డాయి. అందులో ఒకటి 9. పదులు లేవు. ఆ 9 పడ్డ కాగితాన్ని అన్న గోడ మీది నుంచి తీయనివ్వట్లేదు.

ఇక నిజం తుపాకీ, నిజం రేంజ్. ఒక షూటింగ్ రేంజ్‌కి ఫోన్ చేసి, వీల్‌చైర్‌లో వచ్చే మనిషి నేర్చుకోవచ్చా అని అడిగాను. చాలా మర్యాదగా మాట్లాడారు. "తప్పకుండా తీసుకురండి, మెట్లు మూడే ఉన్నాయి, మా కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టేస్తారు" అన్నారు. అన్నకి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "దించుడు గూడ వాళ్ళే దించాల్నా?" అని అడిగాడు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 30వ సెక్షన్ అచ్చంగా ఆటల గురించే ఉంది. ఆట స్థలాలు అందరూ వాడుకునేలా మార్చాలని అందులో రాసి ఉంది. మూడు మెట్లకి ఒక ర్యాంపు అంటే పెద్ద సివిల్ ప్రాజెక్టు ఏమీ కాదు. ఒక మెట్టు ఆరు అంగుళాలు అనుకుంటే మొత్తం ఎత్తు అడుగున్నర. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు చొప్పున పద్దెనిమిది అడుగుల వాలు చాలు. మన సివిల్ బ్రాంచ్ ఫ్రెండ్ ఒకడు పేపర్ నాప్కిన్ మీద గీసి ఇచ్చాడు కూడా.

కాబట్టి ఈ వ్యాసం చదివిన మీకు మూడు పనులు. మెకానికల్ వాళ్ళలో వెల్డింగ్ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, టేబుల్ ల్యాంపు స్ప్రింగ్ అసలు రైఫిల్ బరువు మోయదు, మాకు సరైన స్టాండు కావాలి. సివిల్ వాళ్ళు ఆ నాప్కిన్ డ్రాయింగ్‌ని నీట్‌గా వేసి పెట్టండి. మిగతా అందరూ, ఆ ర్యాంపు కట్టించమని రేంజ్ వాళ్ళకి ఒక ఉత్తరం రాశాం, వచ్చి చదివి సంతకం పెట్టండి. నేను ఇంగ్లీష్ మీడియం వాణ్ణి కాబట్టి ఉత్తరంలో ఒత్తులు మన ఎడిటర్ అక్క దిద్దింది. మాటలు మాత్రం అన్న చెప్పినవే. మొదటి సంతకం కూడా అన్నదే, మణికట్టుకి పెన్ను కట్టుకుని తనే పెట్టాడు. సగం పేజీ పట్టింది, మీరు కింద కొంచెం సర్దుకోవాలి.